ఊరి చర్చిలో వీబీఎస్: ఎంత పంపాలి, ఏం పట్టుకెళ్లాలి?

ప్రశ్న: మేము న్యూజెర్సీకి వచ్చి పది నెలలైంది. నర్సంపేట దగ్గర మా ఊరి చర్చిలో ఈ వేసవి సెలవుల్లో పిల్లలకు వీబీఎస్ (వెకేషన్ బైబిల్ స్కూల్, అంటే సెలవుల్లో నడిపే బైబిల్ బడి) పెట్టించాలని ఉంది. మేమూ వెళ్తున్నాం. 120 మంది దాకా రావచ్చంటున్నారు. ఎంత డబ్బు పంపాలి? ఇక్కడి నుంచి ఏమేం కొనుక్కెళ్లాలి?

జవాబు: తమ్మీ, వచ్చి ఏడాదన్నా కాకముందే మీ ఇద్దరికీ ఊరి పిల్లలు యాదికొచ్చినందుకు సంతోషం. కొత్తగా వచ్చినవాళ్లందరూ “ఎంత పంపాలి” దగ్గరే మొదలుపెడతారు. నేనూ అక్కడే మొదలుపెట్టాను, మూడు వేసవులు వృథా చేశాను. ఇప్పుడు మా ఊళ్లో నేను వెళ్లినా వెళ్లకపోయినా వీబీఎస్ నడుస్తుంది. కాబట్టి డబ్బు మాటే ముందు చెప్తాను.

పిల్లవాడికి రోజుకు 40 రూపాయలు దాటనివ్వకండి. తినడానికి, సల్లకు (మజ్జిగకు) కలిపి 12, పుస్తకం, రంగులు, చార్టులకు 15, నీళ్లు, నిమ్మకాయలు, మందులకు 5, చివరి రోజు బహుమానానికి 8. 120 మంది, 5 రోజులు అంటే 24,000 రూపాయలు. సామియానా, మైకు జోలికి పోతే లెక్క ఎక్కడికో పోతుంది. డప్పు, కంజెర ఉంటే మైకు అవసరమే రాదు. ఈ 24,000లో మీ వాటా మూడో వంతు, 8,000. మిగతాది సంఘం పెట్టుకోవాలి. మొత్తం పంపగలిగినా పంపకండి. “అమెరికా నుంచి వస్తుంది” అన్న మాట ఒక్కసారి ఊళ్లో పడిందా, కానుక సంచి తేలికైపోతుంది, సోలెడు శనగలు తెచ్చే చేతులు ఆగిపోతాయి. ఆ తర్వాత ఏడాది మీకు సెలవు దొరకక వెళ్లలేకపోతే వీబీఎస్సే ఉండదు. మొదటి ఏడాది మొత్తం ఖర్చు నేనే పెట్టుకుని చేసిన తప్పు ఇదే. దాన్ని సరిదిద్దడానికి నాలుగేళ్లు పట్టింది.

ఆ 8,000 కూడా ఒకరి ఖాతాలో గుండుగుత్తగా వేయకండి. పాస్టరుగారు ఎంత మంచివారైనా, ఆయన్ను అనుమానాల పాలు చేయడం మీకు తగదు. హనుమకొండలో పుస్తకాల షాపుకు మీ ఎన్నారై ఖాతా నుంచి యూపీఐలో నేరుగా కట్టండి. చిల్లర ఖర్చుల నోటుబుక్కు సంఘ పెద్ద ఒకరు, స్త్రీల సమాజం నుంచి ఒకరు రాయాలి, ఇద్దరూ రోజూ సంతకం పెట్టాలి.

రూల్స్ క్లుప్తంగా చెప్తాను, వివరాలు మీరే చూసుకోండి. మీది ఇండియా పాస్‌పోర్టే కాబట్టి మీ జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. న్యూజెర్సీలో మీరు వెళ్లే చర్చిలో చందా ఎత్తి పంపితే వస్తుంది. అప్పుడు తీసుకునే సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. 2021 నుంచి ఓసీఐ కార్డున్నవాళ్లు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లు) మతబోధ చేయాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. టూరిస్టు వీసా మీద వచ్చే మీ అమెరికన్ స్నేహితులతో పాఠం చెప్పించకండి.

తేదీలు. బడులు సాధారణంగా ఏప్రిల్ 24న మూసి జూన్ 12న తెరుస్తారు. మే రెండో వారానికల్లా పిల్లలు అమ్మమ్మల ఇళ్లకు, పెళ్లిళ్లకు చెదిరిపోతారు, అందుకే సెలవులిచ్చిన మొదటి పది రోజుల్లోనే పెట్టాలి. కానీ మీ టీచర్లు ఇంటర్, డిగ్రీ పిల్లలే కదా, ఆ రోజుల్లో ఈఏపీసెట్ ఎప్పుడుందో ముందు చూడండి. పరీక్ష ఉన్న వారం టీచర్లలో సగం మందికి పైగా మాయమవుతారు. ములుగు, భూపాలపల్లి వైపు ఊళ్లయితే ఇంకో సంగతి ఉంది. తునికాకు కోసేటప్పుడు ఇంటిల్లిపాదీ తెల్లారకముందే అడవికి పోతారు, పొద్దెక్కాక వచ్చి కట్టలు కడతారు. అక్కడ పొద్దున పెడితే ఖాళీ చాపలే కనిపిస్తాయి. సాయంత్రం 4:30 నుంచి 6:30 పెట్టండి.

మీ ఊళ్లో మాత్రం పొద్దున 7 నుంచి 10, అంతే. రేకుల చర్చి పది దాటితే పెనంలా కాలుతుంది, ఫ్యాను వేస్తే పైనున్న వేడే కిందికొస్తుంది. చిన్న తరగతులను వేపచెట్టు కిందికి మార్చండి. నీళ్లు పిల్లవాడికి అరలీటరు పైన లెక్కేసి రోజుకు 20 లీటర్ల క్యాన్లు నాలుగు తెప్పించండి. ఎవరికైనా కళ్లు తిరిగితే నీడలో పడుకోబెట్టి, లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. చెంచా అంటే టీ చెంచా, తల కొట్టి కొలవాలి. మాట తడబడినా, ఒళ్లు కాలిపోతున్నా 108కి ఫోన్ చేయాలి.

తిండికి బిస్కెట్ ప్యాకెట్ల మీద డబ్బు పోయకండి. శనిగె గుడాలు చేయించండి. 120 మందికి ఎండు శనగలు 3 కిలోలు సరిపోతాయి, నానితే రెండింతలవుతాయి. రాత్రి 9కి నానబోసి పొద్దున 5కి ఉడికించాలి. మధ్యాహ్నమే నానబోస్తే మే నెల ఉక్కకు తెల్లారేసరికి పైన నురగ కడుతుంది, పుల్ల వాసన వస్తుంది, తిన్న పిల్లల కడుపు చెడుతుంది. ఒకరోజు బొబ్బెర్లు, ఒకరోజు అరటిపళ్లు. ఐదేళ్లలోపు వాళ్లకు గుడాలు వద్దు, గింజ గొంతుకు అడ్డం పడుతుంది. వాళ్లకు తడిపిన అటుకులు, బెల్లం పెట్టండి. సల్లకు 4 లీటర్ల పెరుగులో 12 లీటర్ల నీళ్లు పోస్తే తలా ఒక గ్లాసు వస్తుంది.

ఇక మీరు పట్టుకెళ్లేది. ఏమీ పట్టుకెళ్లకండి. అమెరికా వీబీఎస్ కిట్లలో మంచుకొండలు, క్యాంపు మంటలు, స్పేస్ రాకెట్లు ఉంటాయి. 60 మందికి తెచ్చిన స్టిక్కర్ బొమ్మలు 140 మంది ముందు తెరిస్తే మిగిలేది ఏడుపే. ఆ 23 కిలోల సూట్‌కేసు ఖర్చుతో అక్కడ రెండేళ్ల చార్టులు వస్తాయి.

బొమ్మల కోసం చేర్యాల పటాలు గీసేవాళ్ల పద్ధతి చూడండి. కథంతా ఒకే పొడవాటి గుడ్డ మీద గీసి, విప్పుకుంటూ చెప్పడం మన దగ్గర తరతరాలుగా ఉన్న పద్ధతి. పది చార్టులు వరుసగా, అంగుళం మీద అంగుళం ఎక్కించి అంటించండి. మైదా జిగురు వద్దు, దాన్ని పురుగు కొడుతుంది, మడత దగ్గర పగులుతుంది. ఫెవికాల్ పలుచగా రాసి, రాత్రంతా బల్లపరుపుగా బరువు కింద ఆరనివ్వండి. తొందరపడి చుడితే ముడతలు పడి బొమ్మల మూతులు వంకరపోతాయి. రెండు చివరలా వెదురు కర్రలు. మనిషి బొమ్మ జానెడుకు తగ్గితే వెనక వరుసకు కనపడదు. గీతలు నల్లగా, లావుగా ఉండాలి. గలిలయ సముద్రంలో తుపాను కథ తీసుకోండి. పేరుకే సముద్రం, అది మంచినీళ్ల సరస్సు, పొడవు 21 కిలోమీటర్లు. పాకాల చెరువు చూసిన పిల్లలకు దాన్ని ఊహించుకోవడం కష్టం కాదు. వలలు, తెప్పలు, గాలిదుమారం వాళ్లకు తెలిసినవే.

కంఠత వాక్యం రోజుకొకటి, ఆరేడు మాటలు దాటకూడదు. “యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు” ఆరు మాటలు, ఆరు అట్టలు. అందరూ చదివాక ఒక అట్ట తీసేయండి, మళ్లీ చదివించండి. ఆరూ పోయేసరికి వచ్చేస్తుంది. అర్థం మాత్రం ముందే చెప్పాలి. “లేమి” అంటే ఏమిటో చాలామంది పిల్లలకు తెలియదు.

పన్నెండు మందికి ఒక టీచరు. ప్రతి గుంపు దగ్గరా పెద్దవాళ్లు ఇద్దరు, ఏ పిల్లతోనూ ఒక్కరే గదిలో ఉండకూడదు, బాత్రూముకు ఆడపిల్లల వెంట ఆడవాళ్లే వెళ్లాలి. ఇందులో మొహమాటం వద్దు. వేరే మతాల ఇళ్ల పిల్లలు కూడా వస్తారు. ఏం నేర్పుతున్నారో తల్లిదండ్రులకు చెప్పి, రిజిస్టరులో సంతకం, ఫోన్ నంబరు తీసుకున్నాకే కూర్చోబెట్టండి. బహుమానం చూపించి పిలవకండి. బహుమానం ఐదు రోజుల హాజరుకే, అందరికీ ఒకటే. పిల్లల ఫోటోలు ఫేస్‌బుక్‌లో పెట్టి ఇక్కడివాళ్లను చందా అడగడం కూడా చూస్తున్నాను. దయచేసి అది చేయకండి.

మార్చి రెండో వారంలో పాస్టరుగారికి ఫోన్ చేయండి. అడగాల్సింది ఖర్చు ఎంతని కాదు, టీచర్ల పేర్లు. పది మంది పేర్లు వస్తే పుస్తకాల షాపుకు డబ్బు కట్టండి. ఐదారు పేర్లే వస్తే ఈ ఏడాదికి 60 మందినే చేర్చుకోమనండి, మీరు పంపేది 4,000కు తగ్గించండి.