మోటార్ కొనే ముందు స్విచ్ చూడండి

మీ పాత కారు పరుగులో బాగానే ఉండి, సిగ్నల్ దగ్గర ఆగితే వేడెక్కుతోందని, రేడియేటర్ ఫ్యాన్ తిరగట్లేదని రాశారు. కొత్త మోటార్‌కి తొందరపడకండి. ఇంజన్ చల్లారాక ఫ్యాన్ ప్లగ్ ఊడదీసి, ఫ్యూజు ఉన్న వైర్లతో బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇవ్వండి. తిరిగితే మోటార్ మంచిదే. అప్పుడు ప్లగ్ మళ్లీ పెట్టి, రేడియేటర్‌కి బిగించిన థర్మో స్విచ్ (నీళ్లు వేడెక్కగానే ఫ్యాన్‌ని ఆన్ చేసేది) వైర్లు రెండూ తీసి, ఇగ్నిషన్ ఆన్ చేసి, వాటిని కలపండి (చేతులు రెక్కలకు దూరంగా!). ఫ్యాన్ తిరిగిందంటే పోయింది స్విచ్చే. నా అనుమానం కూడా దాని మీదే. తిరగకపోతే ఫ్యూజు, రిలే (స్విచ్ ఆన్ అయితే ఫ్యాన్‌కి కరెంటు పంపేది), ముఖ్యంగా ఎర్త్ వైరు బోల్టు కింద తుప్పు చూడండి. బ్యాటరీ నుంచి నేరుగా ఇచ్చినా కదలకపోతేనే మోటార్ మార్చే మాట. కొత్తది బిగించాక రేడియేటర్ ముందు కాగితం పెడితే అతుక్కోవాలి. పడిపోతే వైర్లు తారుమారై గాలి ఎదురు కొడుతున్నట్టు.