ఢిల్లీ యూనివర్సిటీలో ఎకనామిక్స్: మూడేళ్ళా, నాలుగేళ్ళా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంఈసీ రెండో సంవత్సరం చదువుతోంది. ఢిల్లీ యూనివర్సిటీలో ఎకనామిక్స్ ఆనర్స్ చేస్తానని పట్టుబడుతోంది. అక్కడ డిగ్రీని నాలుగేళ్ళు చేశారట. ఇదివరకు ఒకసారి ఇలాగే పెట్టి మధ్యలో ఎత్తేశారని కూడా విన్నాను. ప్రభుత్వం మారినప్పుడల్లా చదువు మారిపోయేచోటికి పిల్లను పంపవచ్చా?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: పంపండి. నాలుగో ఏడాది సంగతి మాత్రం ఇప్పుడే తేల్చుకోవద్దు.

మీరు విన్నది నిజమే. 2013లో ఆ యూనివర్సిటీ నాలుగేళ్ళ డిగ్రీ మొదలుపెట్టింది. ఏ సబ్జెక్టు వారైనా పదకొండు ఫౌండేషన్ కోర్సులు చదవాలన్నారు. అధ్యాపకులు, విద్యార్థి సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. 2014లో కేంద్రంలో ప్రభుత్వం మారింది. జూన్‌లో, యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ ఆదేశంతో ఆ పద్ధతి రద్దయింది. అప్పటికే ఏడాది చదివిన పిల్లలను మూడేళ్ళ కోర్సులోకి మళ్ళించారు. వాళ్ళు పడిన ఆందోళన చిన్నది కాదు.

2020 జాతీయ విద్యావిధానం వచ్చాక, 2022లో నాలుగేళ్ళ డిగ్రీ మళ్ళీ వచ్చింది. యూనివర్సిటీకి నూరేళ్ళు నిండిన సంవత్సరం అది. ఈసారి మూడేళ్ళు పూర్తిచేసి డిగ్రీతో బయటికి రావచ్చు. కాబట్టి రేపు ఎవరైనా నాలుగో ఏడాదిని తీసేసినా మీ అమ్మాయి డిగ్రీకి ముప్పు ఉండదు. ఏడాదికి సర్టిఫికెట్, రెండేళ్ళకు డిప్లొమా ఇచ్చి పంపే ఏర్పాటూ ఉంది. దాన్ని లెక్కలోకే తీసుకోకండి. సివిల్స్ నుంచి బ్యాంకు ఆఫీసరు పరీక్షల వరకు అన్నిటికీ కావలసింది డిగ్రీయే.

నన్ను కలవరపెట్టేది కోర్సు ఎన్నేళ్ళన్నది కాదు, ఆ ఏళ్ళలో ఏం చెబుతున్నారన్నది. మొదటి సెమిస్టర్‌లో ఏడు పేపర్లుంటే అందులో ఎకనామిక్స్‌వి మూడే. మిగిలినవి వేరే విభాగం నుంచి ఎంచుకునే ఒక పేపరు, ఆపైన రెండేసి క్రెడిట్ల చిన్న పేపర్లు మూడు (క్రెడిట్ అంటే వారానికి సుమారు ఒక గంట క్లాసు). ఇంతకుముందు ఆరు క్రెడిట్లున్న ప్రధాన పేపరు ఇప్పుడు నాలుగు క్రెడిట్లకు తగ్గింది. అంటే లోతుగా చెప్పే సమయం తగ్గిందన్నమాట. చిన్న పేపర్ల అసైన్‌మెంట్లకే రోజులు గడిచిపోతాయి. సంస్కరణల్లో నాకు నచ్చనిది ఇదే. వేరే విభాగం పేపరుకు గణితం దొరికితే మీ అమ్మాయి దాన్నే తీసుకోవాలి. ఎకనామిక్స్‌లో పైచదువులకు లెక్కలే ఆధారం. తగ్గిన బోధనను లైబ్రరీలో సొంతంగా పూరించుకోక తప్పదు.

ప్రవేశం కూడా మారింది. 2021లో కొన్ని కాలేజీల్లో పన్నెండో తరగతి మార్కుల కటాఫ్ నూటికి నూరు దాకా వెళ్ళింది. 2022 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశపరీక్ష సీయూఈటీ స్కోరు మీదే సీట్లిస్తున్నారు, ఇంటర్ పాసవడం అర్హతకే. ఎకనామిక్స్ ఆనర్స్‌కు ఒక భాష, గణితం, మరో రెండు సబ్జెక్టులు రాయాలి. గణితం రాయకపోతే ఆ సీటు ఆశ వదులుకోవలసిందే. ప్రశ్నలు సీబీఎస్‌ఈ స్కూళ్ళలో చదివే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల నుంచి వస్తాయి. ఇంటర్‌కు చదివిన పుస్తకాలతో సరిపెట్టుకోకుండా ఆ పుస్తకాలు ఇప్పుడే కొనివ్వండి. భాషగా తెలుగునూ ఎంచుకోవచ్చు. ఇంటర్ కామర్స్‌కు సీయూఈటీలో ఏ సబ్జెక్టు రాయాలో ఆ ఏటి బులెటిన్ చూసి నిర్ణయించుకోండి, ఎవరో చెప్పారని వద్దు.

ఇక నాలుగో ఏడాది. 2022లో చేరిన మొదటి బ్యాచ్ 2025లో ఆ తరగతిలోకి వెళ్ళింది. అది చదివితే పీజీ ఒక్క ఏడాదిలో అయిపోతుంది. 75 శాతం మార్కులుంటే నేరుగా పీహెచ్‌డీకి, ఆ ప్రవేశాలకూ రీసెర్చ్ ఫెలోషిప్‌కూ జరిపే నెట్ పరీక్షకు అర్హత వస్తుంది. అమెరికాలో మాస్టర్స్‌కు పదహారేళ్ళ చదువు అడిగే యూనివర్సిటీలు చాలా ఉన్నాయి, వాటికీ పనికొస్తుంది. బ్రిటన్‌కు, ఎంబీఏకు, సివిల్స్‌కు మూడేళ్ళు చాలు. పరిశోధన మీద మనసులేని పిల్లకు ఢిల్లీలో మరో ఏడాది అద్దె, భోజనం ఖర్చు అనవసరం. మనసున్న పిల్లకైనా పరిశోధనా వ్యాసాన్ని ఓపికగా దిద్దే గైడు దొరకాలి. మూడో ఏడాదిలో సీనియర్లను మీ అమ్మాయి ఒకటే అడగాలి: గైడు వారానికి ఎంతసేపు కూర్చోబెట్టి చెబుతున్నారు? ఆ జవాబును బట్టి ఉండాలో రావాలో తేలుతుంది.

కాలేజీల ప్రాధాన్యక్రమం రాసేటప్పుడు తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే శ్రీ వేంకటేశ్వర కాలేజీని మరిచిపోకండి. 1961 నుంచి ఉన్న మంచి కాలేజీ అది. ఢిల్లీలో సీటు రాకపోతే ఏడాది వృథా చేసుకోనవసరం లేదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అయిదేళ్ళ ఇంటిగ్రేటెడ్ ఎం.ఏ. ఎకనామిక్స్‌కు కూడా సీయూఈటీ స్కోరే చూస్తారు. దానికీ దరఖాస్తు చేయించండి.