సింగిల్ స్కల్స్‌కు పంతొమ్మిదేళ్లు ఆలస్యమా?

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. ఇక్కడ చెన్నైలో ఇంజనీరింగ్ చదువుతూ, నిరుడు స్నేహితులతో కలిసి అడయారు నదిలో రోయింగ్ మొదలుపెట్టాడు. ఇప్పుడు నలుగురు నడిపే పడవ వదిలి, ఒక్కడే నడిపే సింగిల్ స్కల్స్‌లో పోటీపడతానంటున్నాడు. ఇంత ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లు ఛాంపియన్లు కాలేరని మావారు అంటున్నారు. నిజమేనా?
– ఒక తల్లి, పెరంబూరు, చెన్నై

జవాబు: వయసు గురించి దిగులు పడనవసరం లేదమ్మా. నాసిక్ జిల్లాలో నీటి ఎద్దడి ఉన్న పల్లెలో పుట్టిన దత్తు భోకనల్ ఇరవై దాటి సైన్యంలో చేరాకే తెడ్లు పట్టుకున్నారు. 2016 రియో ఒలింపిక్స్ సింగిల్ స్కల్స్‌లో 13వ స్థానంలో నిలిచారు. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఇదే పోటీలో స్వర్ణం గెలిచి, రోయింగ్‌లో దేశానికి తొలి ఆసియా స్వర్ణం తెచ్చిన బజరంగ్‌లాల్ తాఖర్ కూడా రాజస్థాన్ నుంచి వచ్చిన సైనికుడే. మన దేశపు మేటి రోయర్లు ఇద్దరూ నీళ్లు కరువైన ప్రాంతాలవారు కావడం చిత్రమే.

ఆలోచించవలసినది మరొకటి ఉంది. ఈ పోటీలో రోయర్ గమ్యానికి వీపు పెట్టి కూర్చుంటాడు కాబట్టి, ముందున్నవాడికి వెనకవాళ్లందరూ కనిపిస్తారు గాని, వెనకబడినవాడికి తనకంటే ముందున్నవాళ్లు కనిపించరు. లయ చెప్పే కాక్స్ ఉండడు, అలసినప్పుడు భారం పంచుకునే తోటివాడూ ఉండడు. 2,000 మీటర్ల దూరంలో బలాన్ని ఎక్కడ ఖర్చుపెట్టాలో అతడొక్కడే తేల్చుకోవాలి. ఫిన్లాండ్‌కు చెందిన అగ్నిమాపక ఉద్యోగి పెర్టీ కార్పినెన్ ఈ లెక్కలో దిట్ట. 1976 మాంట్రియల్‌లో ముందంజలో ఉన్న పశ్చిమ జర్మనీ రోయర్ పీటర్ మైకేల్ కోల్బేను చివరి దశలో దాటి స్వర్ణం గెలిచారు; 1980, 1984 ఒలింపిక్స్‌లోనూ గెలిచారు. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ను అయిదుసార్లు గెలిచిన కోల్బేకు మాత్రం ఒలింపిక్ స్వర్ణం దక్కలేదు, మూడు రజతాలే మిగిలాయి. ఆయనను ఓడినవాడిగా లెక్కించడం నాకైతే అన్యాయమనిపిస్తుంది.

ఈ క్రీడలో ఆయుష్షు కూడా ఎక్కువే. బెలారస్ క్రీడాకారిణి ఎకతెరినా కార్‌స్టెన్ 1992 నుంచి 2016 వరకు ఏడు ఒలింపిక్స్‌లో పాల్గొన్నారు. 2000 సిడ్నీలో సెకనులో నూరోవంతు తేడాతో స్వర్ణం నిలబెట్టుకున్నారు.

అయితే మన దేశంలో ఈ క్రీడే జీవనాధారం కావడం కష్టం. పేరు తెచ్చుకున్నవారిలో చాలామందికి సైన్యం జీతమూ శిక్షణా ఇచ్చింది. కనుక మీ అబ్బాయిని చదువు మాననివ్వకండి. పడవ కొనడానికి కూడా ఇప్పుడే తొందరపడకండి. క్లబ్ పడవలతోనే సాధన చేయనివ్వండి. నలుగురి పడవనూ పూర్తిగా వదలవద్దని చెప్పండి: దత్తు 2018 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచినది సింగిల్‌లో కాదు, నలుగురు కలిసి నడిపే క్వాడ్రపుల్ స్కల్స్‌లోనే.