ఉబెహీబే గురించి రాస్తున్న చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. కాలిఫోర్నియాలో, డెత్ వ్యాలీ అనే ఎడారి లోయ ఉత్తర భాగాన ఉన్న ఉబెహీబే అగ్నిబిలాన్ని ఎంచుకున్నందుకు చాలా సంతోషం. కానీ మొదటి పేరాలోనే ‘నరకద్వారం’, ‘చందమామ మీది నేల’ అన్నావు. ఆ మాటలు ఏ గుంతకైనా అతుకుతాయి. ఉబెహీబేకే చెందిన సంగతి నీ ఐదో పేరాలో ఎక్కడో మూలన పడి ఉంది: ఆ బిలాన్ని తవ్వింది నీరు.

దాన్ని ముందుకు తీసుకురా. ఉత్తర అమెరికాలోకెల్లా పొడి ప్రాంతాల్లో అదొకటి. అయినా నేల కింద నీరుంది. పైకి ఎగదన్నుకొచ్చిన మాగ్మా, అంటే నేల లోపలి కరిగిన రాయి, ఆ నీటిని తాకింది. నీరు ఆవిరైతే మామూలు పీడనంలోనే 1,600 రెట్లకు పైగా వ్యాపిస్తుంది. రాళ్ళ కింద బిగిసిపోయిన ఆవిరి ఒక్కసారిగా బయటపడేసరికి నేల పేలిపోయింది. సుమారు 800 మీటర్ల వెడల్పు, 180 మీటర్ల లోతు ఉన్న బిలం మిగిలింది. ఇలాంటి వాటిని భూవిజ్ఞానులు ‘మార్’ అంటారు. అగ్నిపర్వతమనగానే పారే లావాను ఊహించుకునే పాఠకుడికి ఇదంతా కొత్త. అతన్ని తొందరపెట్టకు, ఒక్కో మెట్టూ దిగనివ్వు.

ఆ తర్వాత బిలం గోడ దగ్గర ఆగు. ‘రంగురంగుల పొరలు’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు, నాకు అక్కడే బాధేసింది. కింద కనిపించే నారింజ రంగు పొరలు పేలుడుకంటే ఎంతో పాతవి. ఎప్పుడో నీళ్ళు మోసుకొచ్చి పడేసిన గులకరాళ్ళూ ఇసుకా గట్టిపడి రాయైనవి. వాటి మీద నల్లటి బూడిద, రాతి తునకలు. ఆ నల్లటి పొరలో చెయ్యి పెడితే లావా ముక్కల మధ్య కింది పాత రాయి ముక్కలూ దొరుకుతాయి. కింద ఉండాల్సిన రాయి పైకెలా వచ్చింది? ఆ ప్రశ్న పాఠకుడి నోట రావాలి, జవాబు నువ్వు చెప్పాలి. కొన్ని పొరలు ఇసుక తిన్నెల్లా అలలు తిరిగి ఉంటాయి. పేలుడు మేఘం ఆకాశంలోకే కాదు, నేలను రాసుకుంటూ పక్కలకూ దూసుకెళ్ళిందనడానికి అవే సాక్ష్యం. ఇంత మంచి సరుకు చేతిలో ఉండగా విశేషణాలతో పనేముంది?

వయసు సంగతి. ‘వేల ఏళ్ళ నాటిది’ అని దాటేయకు. ఒకప్పుడు ఇంకా పాతదనుకునేవారు. ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల వల్ల, బయటపడి ఉన్న రాళ్ళలో కాలంతో పాటు పేరుకునే బెరీలియం-10 అనే పరమాణువులను కొలిచి, 2012లో వెలువడిన అధ్యయనం 800 నుంచి 2,100 ఏళ్ళ మధ్య అంది. తర్వాతి పరిశోధన సుమారు 2,100 ఏళ్ళ వైపు మొగ్గింది. లెక్క మారడం శాస్త్రానికి చిన్నతనం కాదు, ఎలా మారిందో రాయి.

ఇంకొక్కటి. ‘మనిషి అడుగుపెట్టని ఎడారి’ అన్న వాక్యం తీసెయ్యి. అది అక్కడి ఆదివాసులైన టింబిషా షొషోనీల నేల, ఆ బిలానికి వాళ్ళ భాషలో పేరూ ఉంది.

గోడ పేరాను మళ్ళీ రాసి ముందు అదొక్కటీ పంపు. మిగతాది తర్వాత చూద్దాం.