ఒరిస్సాతో ఆడేవారికి దౌత్యమా, దండయాత్రా?

చరిత్రలోని రాజ్యాలను నడిపే కంప్యూటర్ ఆట యూరోపా యూనివర్సాలిస్ 4లో ఒరిస్సాను ఎంచుకున్నానని, యుద్ధాలతో విస్తరించాలా, పొత్తులతో నిలదొక్కుకోవాలా అని మీరు అడిగారు. మాది పర్లాకిమిడి. జిల్లా పేరే గజపతి, పాతపట్నం బస్సు ఎక్కితే కాసేపట్లో ఆంధ్రలో దిగుతాం. నేనూ మొదట తీసుకున్నది ఈ రాజ్యాన్నే.

ఆట 1444 నవంబరులో మొదలవుతుంది. అప్పటికి గద్దె మీద ఉన్నది కపిలేంద్ర దేవుడు. 'గజపతి గౌడేశ్వర నవకోటి కర్ణాట కలబర్గేశ్వర' అని, అంటే కర్ణాట, కలబురగి దేశాలకూ ప్రభువునని చాటే ఆయన బిరుదు తలచుకుని నేనూ దక్షిణానికి దండు నడిపాను. గెలవడం కష్టం కాలేదు. ప్రతి సంధిలోనూ అడగగలిగినంతా అడిగాను, అక్కడే చెడింది. లాక్కున్న ప్రతి ప్రాంతానికీ, ఇతర రాజ్యాల కోపాన్ని కొలిచే అగ్రెసివ్ ఎక్స్‌పాన్షన్ పెరుగుతుంది. ఓడినవారి మతం, సంస్కృతి పంచుకునే దగ్గరి రాజ్యాలకు ఆ కోపం ఎక్కువ. అది 50 దాటాక పొరుగువారంతా కూటమి కట్టి ఒకేసారి నా మీదికి వచ్చారు. మరోవైపు, ఇంకా పూర్తిగా కలుపుకోని కొత్త నేల భారాన్ని చూపే ఓవర్‌ఎక్స్‌టెన్షన్ 100 శాతం దాటి లోపల తిరుగుబాట్లు. ఇరవై ఏళ్ల కష్టం నాలుగేళ్లలో కరిగిపోయింది.

చిన్నప్పుడు ఒక సంగతి నాకు మింగుడుపడేది కాదు. శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి, మరుసటి ఏడు కొండవీడు గెలిచి, సింహాచలం దాకా వచ్చి, పొట్నూరులో జయస్తంభం నాటించాడు. చివరకు ఒరిస్సా రాజు ప్రతాపరుద్ర గజపతి కూతురిని పెళ్లాడి, కృష్ణకు ఉత్తరాన ఉన్న నేలను తిరిగి ఇచ్చేశాడు. గెలిచినవాడు ఇవ్వడమేమిటని తాతగారితో వాదించేవాణ్ణి. ఆటలో దెబ్బ తిన్నాక తెలిసింది. ఉత్తరాన ప్రతి కోటలోనూ సైన్యం ఉంచాల్సి వస్తే, 1520లో రాయచూరు దగ్గర బిజాపూరు సుల్తానును ఎదుర్కోవడానికి చేతిలో ఎంత మిగిలేది? కపిలేంద్రుడు కావేరి దాకా వెళ్లాడు, నిజమే. కానీ ఆయన పోగానే కొడుకులు కలహించుకున్నారు, దక్షిణపు కోటలు జారిపోయాయి.

ఇప్పుడు నా పద్ధతి వేరు. చిన్న పొరుగు రాజ్యంతో పొత్తు కుదుర్చుకుని, మన మీద దాని అభిప్రాయాన్ని చూపే అంకెను 190 దాటించి, సామంతుడిగా రమ్మంటాను. పదేళ్లు గడిచాక కత్తి దూయకుండా కలుపుకోవచ్చు. ఈలోగా ఆ సామంతుడు పూర్వం పోగొట్టుకున్న నేల కోసం చేసే యుద్ధానికి ఇతరుల కోపం చాలా తక్కువ. అయితే దౌత్య సంబంధాల పరిమితి మొదట్లో నాలుగే, దొరికిన ప్రతివాడినీ చేరదీయకండి.

యుద్ధం మానమని నేను అనను. బెంగాల్ నుంచి నేల తీసుకుంటే విజయనగరానికి పెద్దగా పట్టదు. అందుకే ఒకసారి ఉత్తరాన, ఒకసారి దక్షిణాన పోరాడండి, మధ్యలో కోపాలు చల్లారనివ్వండి. సంధిలో కోట ఉన్న ప్రాంతం, రేవు ఉన్న ప్రాంతం చాలు, మిగతాది డబ్బుగా తీసుకోండి. ఆట మొదలైన రోజే దూతను విజయనగరానికి పంపండి. వాళ్లు మిమ్మల్ని ప్రత్యర్థిగా ప్రకటించి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా బహమనీల వైపు తిరగండి.