అంజూర చెట్టు వేసే ముందు

అమ్మలూ,

పటమటలో ఇల్లు కొనుక్కుని పెరట్లో అంజూర వేస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో! ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

ఎండ బాగా తగిలేచోట, గోడకి దూరంగా పెట్టు. గుంటలో మాగిన పశువుల ఎరువు, వేపపిండి వెయ్యి. ఇవి నీకు తెలిసినవే.

నీళ్ల సంగతే నా టెన్షన్. మా గుంటూరు పెరడంతా నల్లరేగడి. మొదటి మొక్కకి పళ్లెంలా లోతుగా పాదు చేసి, రోజూ రెండు బిందెలు పోసేదాన్ని. రెండో ఏడు మూడే పళ్లు కాసింది. ఒకటి నీకే పెట్టాను, గుర్తుందా? ఆ శ్రావణంలో ముసురు పట్టి ఆకులు పసుపుపచ్చగా మారాయి. దాహమనుకుని ఇంకా పోశాను. "నేల తడిగానే ఉందే, ఎందుకు పోస్తావు" అని మీ పెదనాన్న అంటూనే ఉన్నారు. వినలేదు. చివరికి తవ్వి చూస్తే వేళ్లు నల్లబడి, పట్టుకుంటే పైతోలు చేతిలోకి ఊడొచ్చింది. మురుక్కాలవ వాసన. ఆయన ఒక్క మాటా అనలేదు, గుంట పూడ్చేశారు.

అందుకే చెప్తున్నా, గుంటలో బిందెడు నీళ్లు పోసి చూడు. గంటైనా ఇంకకపోతే అక్కడ నాటకు. ఎర్రమట్టి, ఇసుక కలిపి అడుగెత్తు దిబ్బ కట్టి దానిమీద నాటు. మధ్యాహ్నం వాడిన ఆకు సాయంత్రానికి తేరుకుంటే భయం లేదు. తడి నేలలో పొద్దున్నే వాలిపోయి ఉంటే నీళ్లు ఆపెయ్. మొండిదానివి, నాలాగే. ఈ ఒక్కటీ విను తల్లీ.

ఇంకోటి, పాలు. ఆకు తుంచితే కారే ఆ పాలు చర్మానికంటి ఎండ తగిలితే బొబ్బలెక్కుతాయి, మచ్చలు నెలలు పోవు. కొమ్మలు పొద్దుగూకాక, నిండు చేతుల జాకెట్టు, గ్లౌజులు వేసుకుని కత్తిరించు. బుడ్డదాన్ని ఆ దరిదాపులకి రానివ్వకు. దానికి ఆకులు తుంచే అలవాటుందట, వింటేనే గుండె ఝల్లుమంది.

కాయ కోశాక పండదు. మెడ వాలి మెత్తబడేదాకా ఆగు. గోరింకలు ఆగవు, పల్చటి గుడ్డసంచి కట్టు.

కడియం నర్సరీ మొక్క కొనకు. మా రెండో చెట్టు కొమ్మకి వేళ్లొచ్చాయి, కవర్లో పెంచుతున్నా. ఆదివారం బస్సుకి తెస్తాను. గుంట మాత్రం నేనొచ్చాకే తవ్వు.

మీ పెద్దమ్మ