కొమ్ము దువ్వెన పంపుతున్నాను

పర్లాకిమిడి

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సెలవుల్లో గుణుపూర్‌లో మీ మేడ మీద నాలుగేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లల్ని కూర్చోబెట్టి, బొమ్మలకి రంగులు వేయిస్తూ ఎవరు ఏ పని చేస్తారో నేర్పుతావట. విన్నాక నిద్ర పట్టలేదు. మన ఇంట్లో నా తరవాత సుద్దముక్క పట్టేది నువ్వే అని ఒక పక్క సంబరం, ఇంకో పక్క గుండెలో దడ. ఆ దడ ఎందుకో చెప్తాను. ముందు చిన్న సంగతులు.

లావు మైనపు రంగులు కొను. స్కెచ్ పెన్నులు వద్దు, నొక్కకుండానే రంగు దిగుతుంది, వేళ్లకి బలం రాదు. విరిగిన ముక్కలు పారేయకు. చిన్న ముక్కని గుప్పిట్లో పట్టలేరు, మూడు వేళ్లతో పట్టుకోక తప్పదు, రేపు పెన్సిల్ పట్టడం దానంతటదే వస్తుంది. కాయితానికి ఒక్క మనిషి బొమ్మే, గీత లావుగా. గీత దాటిందని అనకు. ఎడం చేత్తో వేసే పిల్ల చెయ్యి మార్చకు. ముగ్గు రంగులు అస్సలు ఇవ్వకు, నోట్లో పెట్టుకుంటారు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నీకు తెలియనిది ఒకటుంది. మీ అమ్మకి కూడా ఇన్నాళ్లూ చెప్పలేదు.

నా ఉద్యోగం కొత్తలో ఒకటో తరగతి ఇచ్చారు. జిరాక్సులెక్కడివి, లాంతరు పెట్టుకుని కార్బన్ కాయితాలతో బొమ్మలు గీశాను. డాక్టరు, పోలీసు, కలెక్టరు, విమానం నడిపే ఆయన, టీచరమ్మ. ఐదే. పెద్దయ్యాక ఎవరవుతారో ఆ బొమ్మ తీసుకోండి అన్నాను. ఒక గుంటడు నా బల్ల దగ్గరికొచ్చి కాయితాలన్నీ తిరగేసి, "మా నాన్న బొమ్మ లేదు టీచర్" అన్నాడు. వాళ్ల నాన్నది కొమ్ము పని. తెలుసు కదా, మన ఊళ్లో ఆవు కొమ్ము, గేదె కొమ్ముతో కొంగలు, దువ్వెనలు చేస్తారు. నేను నవ్వుతూ, "బాగా చదువుకో, లేకపోతే నువ్వూ కొమ్ములు గీక్కోవాలి" అన్నాను. క్లాసంతా నవ్వింది. వాడు పోలీసు బొమ్మ పట్టుకెళ్లి, టోపీ, మొహం, చేతులు అన్నీ నల్లరంగుతో కాయితం చిరిగేదాకా రుద్దాడు. మర్నాడు బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

మూడో రోజు వాళ్లింటికి వెళ్లాను. వీధిలోకే జుట్టు కాలినట్టు వాసన. వాళ్ల నాన్న కొమ్ముని నిప్పుల మీద వేడి చేసి, మెత్తబడగానే వంచుతున్నాడు. చల్లారేలోపు కొంగ మెడ తిరగాలి, లేకపోతే పగులుతుంది. అది పూర్తయ్యాకే లేచి నాకు పీట వేశాడు. కొడుకు చెప్పాడో లేదో, నన్ను ఒక్క మాట అనలేదు. "రెండ్రోజులుగా నల్లరంగే వేస్తున్నాడు, ఏం టీచరమ్మా?" అన్నాడంతే. నేను నోరు మెదపలేదు. సగం అరగదీసిన దువ్వెన ఒకటి ఎత్తి కిటికీ వెలుగుకి పెట్టాడు. కొమ్మంటే నలుపే అనుకునేదాన్ని. పలచబడిన చోట తేనె రంగు, అంచున బూడిద తెలుపు, మధ్యలో డికాక్షన్ లాంటి చార. ఏ చార ఎక్కడికి రావాలో చూసుకుని కోస్తాం అన్నాడు. నేను రంగులు నేర్పే టీచర్ని. గుంటడు తలుపు చాటునుంచి నన్నే చూస్తున్నాడు.

పిల్లాణ్ణి దగ్గరికి పిలిచి తప్పయిపోయిందన్నాను. ఆ పెద్దమనిషిని క్షమించమని అడగడానికి మాత్రం నోరు రాలేదు. వచ్చేటప్పుడు ఆ దువ్వెన నా చేతిలో పెట్టాడు, డబ్బులు తీసుకోలేదు. వాడు మళ్లీ బడికొచ్చాడు గానీ, నా దగ్గరికొచ్చి కబుర్లు చెప్పడం మానేశాడు.

ఇప్పుడు నీ బొమ్మల లిస్టు మీ అమ్మ చదివి వినిపించింది. డాక్టరు, పోలీసు, పైలట్, సైంటిస్టు. ఏమే, నలభై ఏళ్ల తరవాత కూడా అవేనా? ఆ మేడ మీదకొచ్చే పిల్లల్లో వంశధార ఒడ్డున కూరగాయలు పండించే ఇంటి పిల్ల ఉండదూ? అడ్డాకులు కుట్టే అమ్మ ఉండదూ? ముందు వాళ్ల ఇళ్లకి వెళ్లు. పనిముట్టు చేత్తో పట్టుకుని చూసి, అప్పుడు గియ్యి. డాక్టరు బొమ్మా ఉండనీ, ఆ వరసలోనే.

అందరిముందూ "మీ నాన్న ఏం చేస్తాడు" అని అడక్కు. మన ఊళ్లలో అది కులం అడిగినట్టే. పైగా నాన్న లేని పిల్ల ఉంటుంది, సూరత్‌లో మరమగ్గం మీదున్న నాన్నని ఏడాదికోసారి చూసే పిల్లాడుంటాడు. "ఈ పని చేసేవాళ్ల చేతికి ఏం అంటుకుంటుంది?" అని అడుగు. మెకానిక్కు గ్రీజు, పిండిమరలో తెలుపు, చాకలి చేతికి నీలిమందు. రంగు వాళ్లే వెతుక్కుంటారు. డబ్బాలో లేత గులాబీ ముక్క ఉంటుంది, దాన్ని "మనిషి రంగు" అనకు తల్లీ. ముక్కల పక్కన వాళ్ల చెయ్యి పెట్టి చూసుకోమను.

ఒడియా పిల్లలొస్తే వడ్రంగిని బొఢేయి అంటారు, అననీ. సవర పిల్లలొస్తే వాళ్ల మాట నువ్వు నేర్చుకో. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్లో పాఠాలు చెబుతూనే సవర నేర్చుకుని, ఆ పిల్లలకి ఆ భాషలోనే చదువు చెప్పించారు.

కోప్పడ్డాననుకోకు. నీది మెత్తని మనసు, నాలాగా తప్పు జరిగిపోయాక ఏడుస్తావని భయం.

పక్కింటబ్బాయి గుణుపూర్ వస్తున్నాడు, దువ్వెన ఇచ్చి పంపుతున్నాను. ఒక పన్ను విరిగింది, పదును ఉంది, నువ్వే పట్టుకుని కిటికీ దగ్గర వెలుగుకి పెట్టి చూపించు. డబ్బాలో ఆ రంగు ముక్క దొరకదు. ఎవరెవరు ఏయే ముక్కలు కలిపి ఆ రంగు తెచ్చారో కాయితాల వెనక రాయించి దాచు. ఆదివారం నేనొచ్చి చూస్తాను.

మీ పెద్దమ్మ